అణు శుద్ధికి డబ్బు: ముందు ఏది, తర్వాత ఏది?

బ్రిటన్‌లోని సెల్లాఫీల్డ్ అణుకేంద్రాన్ని శుద్ధి చేయడానికి 2125 వరకు పడుతుందనీ, అందుకు 13,600 కోట్ల పౌండ్లు కావాలనీ ఆ దేశ జాతీయ ఆడిట్ కార్యాలయం 2024 నివేదికలో చెప్పింది. అమెరికా ఇంధన శాఖలో ఇదే పని చూసే విభాగం తన మీదున్న శుద్ధి బాధ్యతను 2011లో 16,300 కోట్ల డాలర్లుగా లెక్కగట్టింది. ఏటా వందల కోట్లు ఖర్చుపెడుతూ వచ్చాక 2018లో చూస్తే అదే లెక్క 37,700 కోట్లకు చేరింది. పని ఆగలేదు. తలుపులు తెరిచి లోపల చూసినకొద్దీ ఉందనుకున్న దానికన్నా ఎక్కువ పని బయటపడింది.

ఇందులో చాలా భాగం ఆయుధాల కోసం, తొలితరం రియాక్టర్ల కోసం హడావుడిగా కట్టిన కర్మాగారాల చెత్త. కట్టిన రోజుల్లో వీటిని కూల్చేందుకు ఎవరూ నిధి పక్కన పెట్టలేదు. ఇప్పుడు ఆ భారం ఖజానా మీద పడింది. ఖజానా ఇచ్చేది ఏ కొన్నాళ్లకు ఆ కొన్నాళ్లకే. అడిగినంత ఎప్పుడూ రాదు. కాబట్టి ఈ రంగంలో అసలు నిర్ణయం శుద్ధి చేయాలా వద్దా అన్నది కాదు. ఈ ఏడాది ఏ గోడ పగలగొట్టాలి, ఏ గోడను మరో ఇరవై ఏళ్లు అలాగే కాపాడుకోవాలి అన్నది.

ఎంత ఉందో కాదు, ఎలా ఉందో చూడాలి

బయటినుంచి చూసేవారికి తోచే వరస ఒకటుంది: ఎక్కడ రేడియోధార్మికత ఎక్కువుంటే అక్కడ ముందు మొదలుపెట్టాలి. ఈ వరస తప్పుదారి పట్టిస్తుంది. వాడిన ఇంధనాన్ని పునఃశుద్ధి చేశాక మిగిలే తీవ్ర వ్యర్థ ద్రవాన్ని గాజుతో కలిపి కరిగించి, ఉక్కు డబ్బాల్లో పోసి, గట్టి కాంక్రీటు గిడ్డంగిలో పెడతారు. ఒక కేంద్రంలోని రేడియోధార్మికతలో పెద్ద వాటా ఆ డబ్బాల్లోనే ఉండవచ్చు. కానీ గాజు గాలిలో ఎగరదు, నేలలోకి ఇంకదు. సహజంగా వీచే గాలే దాన్ని చల్లబరుస్తుంది. కాపలా మనిషి వారం రోజులు రాకపోయినా ఏమీ కాదు. అదే పదార్థం గాజుగా మారకముందు ద్రవంగా ట్యాంకులో ఉన్నప్పుడు నీటి గొట్టాలతో నిరంతరం చల్లబరచాలి. చల్లదనం ఆగితే గంటల లెక్కలోనే చర్య తీసుకోవాలి. రెండింటిలో ఉన్న రేడియోధార్మికత ఒక్కటే. మోసుకొచ్చే ముప్పులో మాత్రం పోలికే లేదు.

బ్రిటన్‌లో 2004 ఇంధన చట్టంతో ఏర్పడి, 2005 ఏప్రిల్ నుంచి పనిచేస్తూ 17 పాత అణుకేంద్రాల శుద్ధి బాధ్యత చూస్తున్న అణు డీకమిషనింగ్ అథారిటీ ఈ తేడాను ఒక సూత్రంలో పెట్టింది. భద్రతా, పర్యావరణ నష్టాన్ని కొలిచే ఈ సూచీని ‘సెడ్’ అంటారు. ఫుకుషిమా పనులకు ప్రణాళిక ఇచ్చే జపాన్ సంస్థ కూడా దీన్నే తన అవసరాలకు తగ్గట్టు మార్చి వాడుతోంది. సూత్రాన్ని విప్పి చూస్తే మూడు ముక్కలు కనిపిస్తాయి.

మొదటిది సరుకు. ఒక నిల్వలోని రేడియోధార్మికతను తాగితే హాని లేని స్థాయికి పలుచబరచాలంటే ఎంత నీరు కావాలన్నదే ఇక్కడ కొలత. దీనివల్ల సీజియాన్నీ ప్లుటోనియాన్నీ ఒకే తూకంలో పెట్టగలుగుతారు. రెండోది రూపం, కాపలా. వాయువు, ద్రవం, పొడి ఉంటే సరుకంతా లెక్కలోకి వస్తుంది. బురద అయితే కొంత తగ్గుతుంది. పెద్ద ఘనపు ముద్దయితే లెక్క బాగా పడిపోతుంది. ఆ వచ్చినదాన్ని, మనిషి పట్టించుకోకుండా అది ఎంతకాలం నిలకడగా ఉండగలదన్న దానితో భాగిస్తారు. గంటలు మాత్రమే ఆగగలిగేది పైకి వస్తుంది, దశాబ్దాలు ఆగగలిగేది అడుక్కి పోతుంది.

మూడో ముక్కే అసలు వరసను తేలుస్తుంది. భవనం పరిస్థితికి ఒక మార్కు, లోపలి వ్యర్థం గురించి మనకెంత తెలుసన్న దానికి మరో మార్కు వేస్తారు. ఆ రెండింటినీ గుణించి, వచ్చినదాన్ని నాలుగో ఘాతానికి పెంచి, ముందరి లెక్కతో గుణిస్తారు. భవనం మార్కు రెండింతలు చెడిపోతే తుది సంఖ్య 16 రెట్లవుతుంది. పదింతలు చెడితే 10,000 రెట్లు. అంటే కొత్త గిడ్డంగిలో ఉన్న వెయ్యింతల సరుకును, పగుళ్లిచ్చిన పాత కొలనులో ఉన్న ఒక వంతు సరుకు దాటిపోగలదు. అలా దాటిపోవాలన్నదే ఆ సూత్రం రాసినవారి ఉద్దేశం. సరుకు దానంతట అది పెరగదు, కాంక్రీటు మాత్రం రోజూ పాతబడుతుంది.

తెలియనితనానికి కూడా ఇంత బరువెందుకన్న ప్రశ్న వస్తుంది. లోపలేముందో తెలియకపోతే దాన్ని తీసే యంత్రాన్ని గీయలేం, పెట్టే పెట్టె కొలత చెప్పలేం, ఎంత వాయువు వస్తుందో ఊహించలేం. 1950లు, 60లలో చాలాచోట్ల ఏది ఎక్కడ వేశారో సరైన రికార్డు పెట్టలేదు. అందుకే ఇలాంటి నిల్వల్లో మొదటి ఖర్చు నమూనాలు తీయడానికే పెట్టాలి. మొత్తం ఖర్చులో అది చిన్న భాగమే అయినా, ఆ తర్వాత ప్రతి రూపాయీ సరైన చోట పడేదీ లేనిదీ దానిమీదే ఆధారపడి ఉంటుంది. నమూనాల పనిని పొదుపు పేరుతో తగ్గించిన ప్రాజెక్టులు, సగం కట్టాక డిజైన్ మార్చుకోవాల్సిన స్థితికి చేరతాయి.

సెల్లాఫీల్డ్‌లో నాలుగు పాత కట్టడాలు

ఈ సూత్రం ఏం చెబుతుందో చూడాలంటే సెల్లాఫీల్డ్‌లో ఎప్పుడూ పైవరసలోనే ఉండే రెండు కొలనులు, రెండు సైలోలను (వ్యర్థం నింపిన ఎత్తైన కాంక్రీటు నిల్వ గదులను) చూడాలి. ఇక్కడ సైలోల సంగతే చెబుతాను. బ్రిటన్ తొలితరం రియాక్టర్లైన మాగ్నాక్స్‌ల ఇంధన కడ్డీలకు మెగ్నీషియం మిశ్రమంతో చేసిన తొడుగు ఉంటుంది. ఆ తొడుగును ఒలిచిన పెచ్చులను 1960ల నుంచి ఒక సైలోలో నీళ్లలో పోస్తూ వచ్చారు. నీళ్లెందుకంటే పొడిగా ఉంటే అంటుకుంటుందన్న భయం. కానీ మెగ్నీషియం నీటితో కలిసి తుప్పుపట్టి బురదగా మారుతుంది. మారుతూ వేడినీ హైడ్రోజన్‌నూ వదులుతుంది. కాబట్టి ఆ సైలోకు నిరంతరం గాలి ఆడుతుండాలి. దీనిలో 22 గదులున్నాయి. మొదట కట్టిన భాగం 1970ల్లో ఒకసారి నేలలోకి కారింది. ఆగిందనుకున్న ఆ కారడం మళ్లీ మొదలైనట్టు 2019లో తేలింది. భూమి కింద ఉన్న ఆ పగులును బయటినుంచి పూడ్చే మార్గం లేదు. లోపలున్నదాన్ని తీసేయడమే మందు.

2022లో తీత మొదలైంది. గదుల మీద నడిచే భారీ కవచ యంత్రం కొక్కెంతో వ్యర్థాన్ని పైకి లాగి ఉక్కు పెట్టెలో వేస్తుంది. వినడానికి తేలిక. కదిపినప్పుడల్లా బురదలో ఇరుక్కున్న హైడ్రోజన్ ఒక్కసారిగా బయటికి వస్తుంది కాబట్టి వేగంగా లాగడానికి వీల్లేదు. కొక్కెం ఇనుప చెత్తలో చిక్కుకుంటే మనిషి దగ్గరికి వెళ్లలేడు. ఒక యంత్రం ఆగిపోతే ఏడాది లక్ష్యం పోయినట్టే. అందుకే మూడు యంత్రాలను పెట్టాలన్నది ప్రణాళిక.

పక్కనున్న మరో సైలో 1950ల నాటిది, పొడిది. అందులో నిప్పు భయం కాబట్టి ఆర్గాన్ వాయువు నింపి ఉంచుతారు. దాని ఆరు గదులకు పక్కగోడల్లో రంధ్రాలు కోసి, ఉక్కు తలుపులు బిగించి, 2023లో తీత ప్రారంభించారు. ఒకే కేంద్రంలో, ఇంధన తొడుగుల చెత్తకే ఒకచోట నీరు సమస్య, మరోచోట గాలి సమస్య అయింది. ఒకే యంత్రం, ఒకే పద్ధతి రెండింటికీ సరిపోదు. ‘పక్కన చేశారుగా, ఇక్కడా అదే చేయండి’ అని బడ్జెట్ కోసేవారు గమనించాల్సింది ఇదే.

ఇక్కడ తీసుకున్న మరో నిర్ణయం నా దృష్టిలో ఈ రంగంలోనే ముఖ్యమైనది. మొదటి ఆలోచన ప్రకారం సైలో నుంచి తీసినదాన్ని వెంటనే సిమెంటులో బిగించే పెద్ద కర్మాగారం కట్టాలి. అది పూర్తయ్యేదాకా తీత ఆగాలి. 2014 నుంచి నియంత్రణ సంస్థలు, ప్రభుత్వ విభాగాలు, నిర్వాహకులు ఒకే బల్ల దగ్గర కూర్చుని ఆ ఆలోచనను వదిలిపెట్టారు. తీసినదాన్ని అలాగే పెట్టెలో పెట్టి, కొత్త గిడ్డంగిలో ఉంచి, తుది శుద్ధి తర్వాత చేయవచ్చని తేల్చారు. దీనివల్ల భవిష్యత్తులో రెండోసారి ముట్టుకునే పని మిగులుతుంది, మొత్తం ఖర్చు కొంత పెరగవచ్చు కూడా. అయినా కారుతున్న గది నుంచి వ్యర్థం ఏళ్ల ముందే బయటపడుతుంది. సరైన పరిష్కారం కోసం కాచుక్కూర్చోవడం కూడా ప్రమాదమేనని నియంత్రణ సంస్థ ఒప్పుకోవడం అంత చిన్న విషయం కాదు. తీసేటప్పుడు కొన్నేళ్లు ముప్పు పెరుగుతుంది. ఆ తర్వాతే తగ్గుతుంది. ఆ పెరుగుదలను ముందే లెక్కగట్టి ఒప్పుకోకపోతే ఏ పాత నిల్వా ఎప్పటికీ ఖాళీ కాదు.

సూచీ చెప్పని సంగతులు

సెడ్ మార్కు ఏది ప్రమాదకరమో చెబుతుంది. దాన్ని తగ్గించడానికి ఎంత ఖర్చవుతుందో, ఎన్నేళ్లు పడుతుందో, కార్మికుల ఒంటికి ఎంత రేడియేషన్ తగులుతుందో చెప్పదు. పైవరసలోని పనికి కోరినంత డబ్బిచ్చినా మింగలేని దశ ఒకటుంటుంది. క్రేను ఒక్కటే, దారి ఒక్కటే, అర్హత ఉన్న మనుషులు కొందరే. ఆ దశలో అదనపు డబ్బు పనిని ముందుకు జరపదు, కాంట్రాక్టర్లను ఖాళీగా నిలబెట్టడానికే పోతుంది. అప్పుడు మిగిలిన డబ్బు రెండో, మూడో వరస పనులకు వెళ్లడమే న్యాయం. కాబట్టి జాబితాను మార్కుల వారీగా పేర్చి, పైనుంచి డబ్బు అయిపోయేదాకా గీత గీయడం సరైన పద్ధతి కాదు. ప్రతి పనికీ ఏడాదికి ఎంతవరకు ఖర్చుపెట్టగలమో ఒక హద్దు కట్టి, ఆ హద్దుల మీద బడ్జెట్ పంచాలి.

ఇంకా పెద్ద చిక్కు గొలుసు. ఏ వ్యర్థమూ ఉన్నచోటే మాయం కాదు. తీయాలి, వడగట్టాలి, బిగించాలి, మోయాలి, పూడ్చాలి. గొలుసులో చివరి లంకె తెగితే మొదటి లంకె ఆగుతుంది. 2014 ఫిబ్రవరిలో అమెరికాలోని న్యూ మెక్సికోలో, ఉప్పు పొరల్లో లోతుగా ఉన్న విప్ నిల్వ కేంద్రంలో ఒక పీపా పగిలింది. ఆ పీపాను నింపిన లాస్ అలమోస్ అణు ప్రయోగశాలలో నైట్రేట్ లవణాల వ్యర్థంలో తేమ పీల్చడానికి ఖనిజపు పొడికి బదులు గోధుమతో చేసిన పొడి (పెంపుడు పిల్లుల విసర్జన తొట్టెల్లో వాడేది) కలిపారు. అది లవణాలతో చర్య జరిపి వేడెక్కింది. ఫలితంగా ఆ కేంద్రం 2017 జనవరి దాకా కొత్త పీపాలు దించుకోలేదు. దాంతో దేశమంతటా ప్లుటోనియం కలిసిన వ్యర్థాలను పంపే కేంద్రాలన్నీ తమ దగ్గరే పేర్చుకుంటూ కూర్చున్నాయి. ఒక పీపాలో పదార్థం మారితే దేశమంతటి ప్రణాళిక మూడేళ్లు తలకిందులైంది. చివరి లంకె ముప్పు మార్కులో ఎప్పుడూ కిందే ఉంటుంది, ఎందుకంటే అది కొత్తది, భద్రమైనది. దాని మరమ్మతుకు, ప్యాకింగ్ తనిఖీకి పెట్టే డబ్బు మాత్రం పైవరస పనుల ఆయువుపట్టు.

హ్యాన్‌ఫోర్డ్ కథ కూడా గొలుసు కథే. వాషింగ్టన్ రాష్ట్రంలోని ఈ కేంద్రంలో 177 భూగర్భ ట్యాంకుల్లో సుమారు 5.6 కోట్ల గ్యాలన్ల వ్యర్థం ఉంది. వీటిలో 149 ట్యాంకులు ఒకే గోడవి. వాటిలో 67 దాకా గతంలో కారాయని అంచనా. ముందుగా చేసింది ఈ పాత ట్యాంకుల్లో పంపుతో లాగగలిగే ద్రవాన్ని రెండు గోడల ట్యాంకుల్లోకి మార్చడం. అది ముగింపు కాదు, నిలకడ తేవడం మాత్రమే. అయినా కారే అవకాశాన్ని ఎక్కువగా తగ్గించింది అదే. కానీ రెండు గోడల ట్యాంకులు 28 మాత్రమే. వాటిలో ఒకదాని లోపలి గోడ కారుతున్నట్టు 2012లో తేలింది. కొత్త చోటు లేకపోతే పాత ట్యాంకులు ఖాళీ కావు.

2002లో అక్కడ మొదలైన గాజు కర్మాగారంలో, వ్యర్థాన్ని తీవ్రమైనదిగా, తేలికైనదిగా విడదీసే భాగం నిర్మాణం సాంకేతిక చిక్కులతో ఆగింది. గొట్టాల్లో హైడ్రోజన్ పోగుపడటం, ట్యాంకుల్లో గట్టి పదార్థం సరిగా కలవకపోవడం వంటివి అవి. అప్పుడు వాళ్లు ఒక పక్కదారి వేశారు. ద్రవాన్ని ట్యాంకుల పక్కనే వడగట్టి, సీజియాన్ని విడదీసి, మిగిలిన తేలిక భాగాన్ని నేరుగా గాజు చేయాలన్నది దాని సారం. వడపోత 2022లో, గాజు తయారీ 2025 అక్టోబరులో మొదలయ్యాయి. ముప్పు మార్కుల ప్రకారం చూస్తే ఇది వెనకది ముందుకు తేవడమే, తీవ్ర వ్యర్థం ఇంకా అలాగే ఉంది. కానీ ట్యాంకుల్లో చోటు దొరికేది ఈ దారిలోనే. చోటు దొరికితేనే పాత ట్యాంకులు కదులుతాయి. గొలుసును చూడకుండా మార్కులనే చూస్తే ఈ నిర్ణయం అర్థం కాదు.

ఆగడం ఎప్పుడు లాభం, ఎప్పుడు నష్టం

వాయిదా వేయడం ఎప్పుడూ సోమరితనం కాదు. రియాక్టర్ ఉక్కులో కార్మికుడి ఒంటికి ఎక్కువ రేడియేషన్ ఇచ్చేది కోబాల్ట్-60. దాని అర్ధాయువు, అంటే సగానికి తగ్గే కాలం, 5.27 ఏళ్లు. 50 ఏళ్లు ఆగితే అది 700వ వంతుకు పడిపోతుంది. అప్పుడు దూరనియంత్రణ యంత్రాల అవసరం చాలా తగ్గుతుంది. మాగ్నాక్స్ కేంద్రాలను దశాబ్దాలపాటు మూసి ఉంచాలన్న పాత విధానానికి ఆధారం ఇదే. బ్రాడ్‌వెల్ 2018లో అలా మూతపడింది. కానీ ఆ తర్వాత అన్నింటికీ ఒకే వాయిదా సరికాదని విధానం మార్చుకున్నారు. కోబాల్ట్ తగ్గుతున్నకొద్దీ పైకప్పులు, గోడలు, డ్రాయింగులు, ఆ కేంద్రం తెలిసిన మనుషులు కూడా తగ్గిపోతారు కదా.

సీజియం-137, స్ట్రాన్షియం-90లకు అర్ధాయువు ముప్ఫై ఏళ్లకు అటూఇటూ. పదేళ్ల ఆలస్యంతో చెప్పుకోదగ్గ లాభం ఉండదు. ప్లుటోనియం దగ్గర లెక్క తిరగబడుతుంది. అందులోని ప్లుటోనియం-241 దాదాపు 14 ఏళ్ల అర్ధాయువుతో అమెరీషియం-241గా మారుతుంది. అది గామా కిరణాలు వదులుతుంది. అంటే పాతబడినకొద్దీ పెట్టె దగ్గర పని మరింత ప్రమాదకరమవుతుంది. సెల్లాఫీల్డ్‌లో సుమారు 140 టన్నుల పౌర ప్లుటోనియం ఉంది. దాని పాత డబ్బాలను మార్చే పని వెనక్కి నెట్టకూడదనడానికి కారణాల్లో ఇదొకటి. కాబట్టి ‘ఆగితే తగ్గుతుంది’ అని ఎవరైనా అంటే, ఏ ఐసోటోపు, ఎన్నేళ్లు, అప్పటికి భవనం ఏ స్థితిలో ఉంటుంది అని మూడు ప్రశ్నలు అడగాలి.

వాయిదాకు ఖరీదు కూడా ఉంది. కంచె, సాయుధ కాపలా, వెంటిలేషన్, అగ్నిమాపక దళం, నీరు, విద్యుత్తు, పర్యవేక్షణ ఏ పనీ జరగకపోయినా నడవాలి. ఈ స్థిర ఖర్చును ముందు తీసేశాకే శుద్ధికి డబ్బు మిగులుతుంది. బడ్జెట్‌లో పది శాతం కోత పెడితే అది స్థిర ఖర్చును తాకదు. మొత్తం అసలు పని మీదే పడి, అక్కడ ఇరవై ముప్ఫై శాతం కోతగా మారుతుంది. కొలరాడోలోని పాత అణ్వాయుధ కర్మాగారం రాకీ ఫ్లాట్స్ దీన్ని తిప్పి చూపించింది. 1995లో దాని శుద్ధికి 65 ఏళ్లు, 3,700 కోట్ల డాలర్లు పడుతుందన్నారు. 2005లో సుమారు 700 కోట్లతో ముగిసింది. ముగింపు స్థితిని ముందే తేల్చుకోవడం ఒక కారణం: భూమి నివాసానికి కాదు, వన్యప్రాణి ఆశ్రయానికి. ప్లుటోనియాన్ని ముందుగా బయటికి పంపి కాపలా ఖర్చును తెంచుకోవడం మరొకటి. దానికి తోడు, వ్యర్థాన్ని తీసుకునే చోటు ఇతర రాష్ట్రాల్లో సిద్ధంగా ఉంది. ఈ చివరి వసతి లేని కేంద్రానికి రాకీ ఫ్లాట్స్‌ను ఆదర్శంగా చూపడం తప్పు లెక్క.

అడుగున ఉన్నవాటిని మరిచిపోతే

అమెరికా శుద్ధి విభాగం తన వరసను బడ్జెట్ పత్రాల్లోనే ప్రకటిస్తుంది. కనీస భద్రత నిలుపుకోవడం మొదట వస్తుంది. తర్వాత ట్యాంకు వ్యర్థం, వాడిన ఇంధనం, అణు పదార్థాలు, ముఖ్యమైన భూగర్భజల శుద్ధి, ఘన వ్యర్థాలు, మట్టి. ఖాళీ భవనాల కూల్చివేత అట్టడుగున ఉంటుంది. వరస సబబే. కానీ అడుగున ఉన్నది కూడా పాతబడుతూనే ఉంటుంది. హ్యాన్‌ఫోర్డ్‌లో కలుషితమైన రైలు బండ్లను దాచిన ప్యూరెక్స్ కర్మాగారపు సొరంగం కప్పు 2017 మే 9న ఒకచోట కూలింది. రేడియోధార్మికత బయటికి వ్యాపించలేదు. కానీ అత్యవసరంగా మట్టి పోసి, తర్వాత సొరంగం మొత్తాన్ని గ్రౌటుతో (పలుచని సిమెంటు ముద్దతో) నింపాల్సి వచ్చింది.

కిందివరసలో పెట్టిన ప్రతిదానికీ ఒక హెచ్చరిక గీత రాసి ఉంచాలి: పగులు వెడల్పు ఇంత దాటితే, నీటిమట్టం ఇంత తగ్గితే, కప్పు తనిఖీ ఇన్నేళ్లు దాటితే అది పైవరసలోకి వస్తుంది, డబ్బు ఫలానా ఖాతా నుంచి వస్తుంది అని. ఖాళీ చేయలేకపోతే కనీసం విడదీయవచ్చు. స్కాట్లాండ్‌లోని డూన్‌రేలో 65 మీటర్ల లోతు గల బావిలో 1977 దాకా వ్యర్థాలు పడేశారు. ఆ ఏడాది లోపల రసాయన పేలుడు జరిగింది. 2008లో దాని చుట్టూ రాతి పగుళ్లలో గ్రౌటు దించి నీటి రాకను అడ్డుకున్నారు. వ్యర్థం అక్కడే ఉన్నా, తీత ఆలస్యమైనా తట్టుకునే స్థితి వచ్చింది.

చట్టపు గడువులు ఈ వరసలన్నిటినీ కదిలిస్తాయి. హ్యాన్‌ఫోర్డ్‌లో ఇంధన శాఖ, పర్యావరణ సంస్థ, రాష్ట్ర ప్రభుత్వం కలిసి 1989లో కుదుర్చుకున్న ఒప్పందంలో ప్రతి పనికీ తేదీ ఉంది. ఆ తేదీలు లేకపోతే డబ్బు వచ్చేది కాదు. కానీ గడువు ఉన్న చిన్న పని, గడువు లేని పెద్ద ముప్పును పక్కకు నెట్టగలదు. గడువును మార్చమని అడిగే కేంద్రం, దాని బదులు ఏ ముప్పును ఎంత త్వరగా తగ్గిస్తుందో లెక్కతో చూపితేనే స్థానికులు నమ్ముతారు. ఆ లెక్కలో ఖర్చయిన డబ్బు, కూల్చిన భవనాల సంఖ్య కాక, పాత నిల్వ నుంచి బయటికొచ్చిన పెట్టెలెన్ని, ఇంకా లోపలున్నది ఎంత, కారుతున్న నీరు రోజుకు ఎంత, కార్మికులకు అందిన మోతాదు ఎంత అనేవి ఏటా ఒకే పద్ధతిలో ప్రచురించాలి. సులువైన కలుషిత మట్టిని టన్నులకొద్దీ ఎత్తి లక్ష్యం చేరామనే కేంద్రానికీ, ఏడాదంతా కష్టపడి ఒక గదిలో నుంచి కొన్ని పెట్టెలు మాత్రమే తీసిన కేంద్రానికీ తేడా అప్పుడే తెలుస్తుంది.